వంకాయ మానమన్న డాక్టరు

చెయ్యి మంచిది

వైద్య కళాశాలలో చెప్పని సబ్జెక్టు ఒకటుంది. పుస్తకాల భాషలో హస్తవాసి, మా వైపు జనం మాటల్లో 'చెయ్యి మంచిది'. అదే గోలి, అదే మోతాదు ఇద్దరు డాక్టర్లు రాస్తారు. ఒకరి దగ్గర తగ్గుతుంది, ఇంకొకరి దగ్గర తగ్గదు. తగ్గించినాయన చెయ్యి మంచిదని ఊరంతా చెప్పుకుంటుంది. రెండో ఆయన చేతి గురించి ఎవరూ మాట్లాడరు. ఆ రెండో చెయ్యి నాది.

నేను చర్మవ్యాధుల డాక్టరును. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, మిర్చి చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక ఊళ్లో, సర్కారు దవాఖానాలో పనిచేసి రిటైరయ్యాను. నా ప్రమోషన్ల గురించీ బదిలీల గురించీ చెప్పను, అవి నాకే విసుగు. మళ్లీ మళ్లీ వచ్చే దద్దుర్ల గురించీ, డాక్టర్ వెంకటరత్నం గురించీ చెబుతాను. నన్ను ఏళ్ల తరబడి నిద్రపోనివ్వనివి ఆ రెండే.

వెంకటరత్నం వేంసూరు మనిషి. నాకంటే చిన్నవాడు, జనరల్ డాక్టరు. దవాఖానాలో నా పక్క గదే ఆయనది. నా గది ముందు బెంచీ ఖాళీగా ఉన్న రోజు కూడా ఆయన కోసం జనం మెట్ల మీద కూర్చునేవారు. పోనీ ఎర్రగా బుర్రగా ఉంటాడా అంటే అదీ లేదు. పొట్ట, నలిగిన చొక్కా, అరిగిన చెప్పులు. నేను వైద్య పత్రికలు తెప్పించుకుని, కొత్త సంగతుల కింద గీతలు గీసుకుని చదివేవాణ్ణి. ఆయన గదిలో పంచాంగం తప్ప ఇంకో పుస్తకం నేను చూడలేదు. మా ఆవిడ కూడా దగ్గు వస్తే నాకు చెప్పకుండా ఆయన దగ్గరికే వెళ్లింది. అడిగితే, "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటరు గదా" అని నవ్వింది. దగ్గు తగ్గింది. తగ్గకపోతే బాగుండేదని ఆ పూట అనుకున్నాను. అసూయ అంటే ఏమిటో ఇంతకంటే వివరంగా నాకు చెప్పడం రాదు.

దొంగ కోసం వెతుకులాట

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు దద్దుర్లను చిన్నచూపు చూస్తారు. నాలుగు రోజులుండి పోయే దద్దుర్లు చిన్నవే కావచ్చు. నెలన్నర దాటినా రోజూ లేచేవి వేరు. అవి మనిషిని చంపవు, బతకనివ్వవు. పొద్దున వీపు మీద, మధ్యాహ్నం తొడల మీద, సాయంత్రానికి ఏమీ ఉండవు. తీరా రోగి మీ ముందు కూర్చునేసరికి ఒళ్లు అద్దంలా ఉంటుంది. "ఇప్పటిదాకా ఉన్నయ్ సారు, ఒట్టు" అంటారు. నమ్మండి. వాళ్లు చెప్పేది నిజం.

నేను చేసే మొదటి పని ఒక దద్దు చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, రేపు రమ్మనడం. రేపటికి సున్నా మిగిలి దద్దు పోయిందంటే అది మామూలు జాతిదే. దద్దు అక్కడే ఉండి, దురదకు బదులు మంట పుట్టి, పోతూ పోతూ కమిలిన మచ్చ వదిలితే వేరే జబ్బు వెతకాలి. పెదవులో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా ప్రశ్నలు పక్కన పెట్టి ముందు ప్రాణం చూడాలి.

ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే. "దేనివల్ల వచ్చింది సారు?" మందు కంటే ముందు వాళ్లకు దొంగ దొరకాలి. చాలామందికి ఏ దొంగా దొరకడు. దద్దుర్లు వాటంతట అవే పుట్టి, కొంతకాలం సతాయించి, వాటంతట అవే పోతాయి. దొరికినప్పుడు కూడా అది అసలు కారణం కాదు, రెచ్చగొట్టేది మాత్రమే. బిగుతు లంగా బొందు, ఎండ, చన్నీళ్లు, జ్వరం, కొన్ని రకాల మాత్రలు. ఈ మాట ఒప్పుకోలేక పట్నంలో పెద్ద పెద్ద పరీక్షలు చేయించుకుని, ఏ కూరగాయ పడదో, ఏ ధాన్యం పడదో కాగితాల మీద రాయించుకుని వచ్చేవారు. ఆ కాగితాల్ని నమ్మి ఎండిపోయిన మనుషుల్ని చూశాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా పెద్ద డాక్టరు ఇంకో దారి పట్టాడు. వరస తొందరగా తరగాలని దద్దుర్లతో వచ్చిన ప్రతివాడికీ స్టెరాయిడ్ సూది పొడిచేవాడు. గంటలో ఒళ్లు చదునయ్యేది. ఆయన చెయ్యి కూడా మంచిదనే అనేవారు. వారం తిరక్కుండా దద్దుర్లు రెట్టింపై వచ్చేవి, మళ్లీ సూది. ముఖాలు ఉబ్బినవాళ్లు, షుగరు తెచ్చుకున్నవాళ్లు చివరికి నా బెంచీ మీదికి చేరేవారు. అలాంటి పేరు నాకు అక్కర్లేదు. వెంకటరత్నానిది అలాంటి పేరు కాదు, అందుకే నాకు అంత కడుపుమంట.

లచ్చక్క

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వానలు వెనకబట్టే రోజుల్లో ఆమె వచ్చింది. అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి. లచ్చక్క అని పిల్లలు పిలిచే పేరే అందరికీ అలవాటైంది. మొగుడు లేడు. వంటతో వచ్చే జీతమూ, ఆ హాస్టల్ వెనక గదీ తప్ప ఇంకో ఆధారం లేదు.

"ఒళ్లంత దద్దులు లేస్తున్నయ్ సారు. మా వార్డెన్ మేడం పొయ్యికాడికి రావద్దన్నది. పిల్లలకు అంటుతదట. ఎండకాలం సెలవులైనంక బడి తెరిచేటాల్లకు నయం గాకుంటే వేరే మనిషిని పెట్టుకుంటమన్నది."

"ఇది అంటురోగం కాదు."

"నాకు దెలుసు సారు. మేడంకు దెల్వాలె గద."

అంటురోగం కాదని మంచి ఇంగ్లీషులో సర్టిఫికెట్ రాసి, ముద్ర కొట్టి ఇచ్చాను. ఏం తింటున్నావని అడిగాను. అన్నం, పెసరకట్టు అంది. అంతేనా అంటే, అంతే. వదిన వంకాయ మానమంది. పక్కింటామె గోంగూర మానమంది. ఊళ్లో సూదులు వేసేవాడు గుడ్డూ చేపా మానమన్నాడు. ఎవరో చింతపండన్నారు, ఇంకెవరో పల్లీలన్నారు. ఎవరేది చెబితే అది మానేసింది. చెప్పినవాళ్లెవరూ మళ్లీ తినమని చెప్పరు కదా. పిల్లలందరికీ కడుపునిండా వండిన మనిషి, జాకెట్టు చేతులు వదులై, మెడ ఎముకలు తేలి నా ముందు కూర్చుంది.

"ఇవేవీ కారణం కాదు లచ్చక్కా. అన్నీ తిను. ఈ దురద గోలి రోజూ ఒకటి వేసుకో. దద్దులు ఉన్నా లేకున్నా వేసుకోవాలి."

"లేనప్పుడు గోలెందుకు సారు?"

"చేనుకు కంచె పశువు వచ్చినంక వేస్తరా, ముందు వేస్తరా?"

తల ఊపింది. బాగా చెప్పానని నేనే మురిసిపోయాను. ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని కూడా అడిగాను. లేదంది.

దద్దుర్లు తగ్గలేదు. రెండుమూడు సార్లు వచ్చింది, ప్రతిసారీ పెసరకట్టే తింటోంది. అన్నీ తినమన్నాను కదా అంటే నేల చూపులు చూసింది. బయట బెంచీ మీద ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది. "పథ్యం చెప్పని డాక్టరు ఏం డాక్టరే? అన్ని తినుమంటడు." ఆ తర్వాత నా గదికి రాలేదు. ఒకరోజు తలుపు తీసి చూస్తే వెంకటరత్నం గది మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నా రోగి, నా జబ్బు, నేను చదివిన చదువు. గుండెనొప్పులతో, జ్వరాలతో వచ్చేవాళ్లను చూసుకోక ఆయనకు నా దద్దుర్లతో ఏం పని?

ఒక్క వంకాయ

మిర్చి ఏరే కాలానికి ఆమె బజారులో ఎదురుపడింది. బుగ్గలు కొంచెం నిండాయి. వంట లేదు కాబట్టి మిర్చి కూలికి పోతోంది. దద్దుర్లు ఉన్నాయి, అయినా మనిషి కోలుకుంది.

"ఏం మందు ఇచ్చిండు?" అన్నాను.

"మీరిచ్చిన గోలే సారు. అదే వేసుకొమ్మన్నడు. వంకాయ ఒక్కటి మానుమన్నడు. ఆయన చెయ్యి మంచిది సారు."

నేను తిన్నగా వెంకటరత్నం గదికి వెళ్లాను. ఆయన టీ తాగుతున్నాడు. నాకూ ఒకటి తెమ్మన్నాడు.

"వంకాయకూ దద్దుర్లకూ ఏమైనా సంబంధం ఉన్నదా?"

"లేదండి."

"మరి ఎందుకు మాన్పించినవ్?"

"మీరు అన్నీ తినమన్నారు గురువుగారూ. ఆవిడ ఏదీ తినలేదు. నేనేమన్నానంటే, ఇన్నాళ్లూ నువ్వు మానేసినవాటిలో అసలు దొంగ ఈ వంకాయ ఒక్కటే, మిగతావి పాపం ఏ తప్పూ చెయ్యలేదు అన్నాను. ఆ సాయంత్రమే చేపల పులుసు పెట్టుకుందట."

"అది అబద్ధం. అబద్ధం వైద్యం కాదు."

"తిండి వైద్యమే కదండీ," అని టీ గ్లాసు నా వైపు జరిపాడు. "పోనీ మీరే చెప్పండి, వంకాయ కూడా తినమని. మీ మాట వింటుందేమో చూద్దాం."

ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉంటే నాకు హాయిగా ఉండేది. ఒక్కటి మానమంటే తప్ప మిగతావి తినరన్న సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, పంచాంగంలో అసలే లేదు. అది ఆయనకు తట్టింది, నాకు తట్టలేదు. ఆ టీ నాకు చేదుగా దిగింది.

మోకాలి మీద చెయ్యి

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం వెంకటరత్నం ఆమెను తన స్కూటరు మీద ఎక్కించుకుని నా గుమ్మం దగ్గర దింపాడు. పెదవులు వాచి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. "గురువుగారూ, ఇది మీ లైను. నా వల్ల కాదు," అన్నాడు. ఒకరి ముందు ఇలా ఒప్పుకోవడం నాకు ఎన్నడూ చేతకాలేదు. అందుకూ ఏడ్చాను లోపల.

ఊపిరి చూశాను, నాలుక చూశాను, గొంతు వాపు లేదు. సూది వేసి పక్కన మంచం మీద పడుకోబెట్టాను. ఇలాంటి సమయానికి ఒక్క సూది తప్పు కాదు, దాన్ని అలవాటు చెయ్యడమే తప్పు. సాయంత్రానికి కన్ను తెరుచుకుంది. లేచి కూర్చుంటూ మోకాలి మీద చెయ్యి ఆనించి, పళ్లు బిగబట్టింది. అప్పుడడిగాను.

"మోకాళ్లు నొస్తే ఏం చేస్తవ్ లచ్చక్కా?"

"ఏం జేస్త సారు. కిరాణా షాపుల గోలి తెచ్చుకుంట. మిర్చి ఏరి వచ్చిననాడు రెండు."

"మరి మందులు ఏం వాడతలేనన్నవ్ గదా?"

"అది మందా సారు? సబ్బుతోటి, ఆకువక్కతోటి షాపుల అమ్ముతరు గద."

మా ప్రాంతంలో కూలికి పోయే ఆడవాళ్లలో సగం మంది ఈ మాటే చెబుతారు. డాక్టరు రాసి ఇచ్చింది మందు, కిరాణా షాపులో దొరికేది సరుకు. ఆమె కొంగు ముడిలో ఉన్న గోలి తీయించి చూశాను. దద్దుర్లను రెచ్చగొట్టడంలో పేరుమోసిన నొప్పుల మాత్ర. వంట మాన్పించారు కాబట్టి మిర్చి కూలికి పోయింది, కూలికి పోయింది కాబట్టి మోకాళ్లు నొచ్చాయి, నొచ్చాయి కాబట్టి గోలి వేసింది, ఆ గోలితో దద్దుర్లు పెరిగాయి, పెరిగాయి కాబట్టి వంట గదిలోకి రానివ్వరు. ఇది తేలిన రోజు నాకు గర్వంగా ఉంది, ఇప్పటికీ ఉంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు, 'మందులేమైనా వాడుతున్నావా' అని రోగిని ఒక్క మాట అడిగి ఊరుకోకండి. తలనొస్తే ఏం చేస్తావు, నడుం నొస్తే ఏం చేస్తావు, నెలసరి నొప్పికి ఏం చేస్తావు అని విడివిడిగా అడగండి.

దద్దుర్లను పుట్టించింది ఆ గోలి కాదనీ, అగ్నికి ఆజ్యం పోసింది మాత్రం అదేననీ ఆమెకు చెప్పాను. నొప్పికి జ్వరం గోలి వేసుకోమని, కాపడం పెట్టుకోమని, దురద గోలి మానవద్దని చెప్పి పంపాను. గడప దగ్గర ఆగి దండం పెట్టింది.

"సంతోషం సారు. నన్ను మీ దగ్గరికి తోలుకొచ్చిన ఆ సారు చెయ్యి సల్లగుండ."

కనుక్కున్నది నేను, చల్లగా ఉండాల్సింది ఆయన చెయ్యి.

పంక్తిలో కూర్చున్న డాక్టరు

దద్దుర్లు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. నాలుగు రోజులకొకసారి ముంజేతి మీద రెండో మూడో లేచి పోయేవి. ఇంకొన్ని నెలల్లో అవీ పోతాయని నాకు తెలుసు. కాని బడి తెరిచేశారు. వార్డెన్ మేడం నా సర్టిఫికెట్ చదివింది, బాగుందంది, "కాయితం సరే లచ్చక్కా, రేపు ఒక్క పిల్లకు లేసినా తల్లిదండ్రులు నన్ను బతకనిస్తరా?" అంది. నిజం చెప్పాలంటే ఆమె చెడ్డది కాదు. భయపడింది. కొత్త మనిషిని వచ్చే సోమవారం నుంచి రమ్మని చెప్పింది.

ఆ వారంలో పిల్లల ఆరోగ్యం చూడటానికి దవాఖానా తరఫున వెంకటరత్నం ఆ బడికి వెళ్లాడు. అక్కడ జరిగింది నాకు చెప్పింది లచ్చక్కే, కళ్లు మెరిసిపోతుండగా.

"భోజనం జెయ్యుండ్రి సారు అని మేడం అన్నది. లచ్చక్క వండితే తింటనండి అన్నడు సారు. మేడం ఏమనకుంట నన్ను పిలిచింది. ఆనాడే నా చేతి మీద దద్దులు లేసి ఉన్నయ్ సారు, ఎర్రగ. సిగ్గయి కొంగు కప్పుకున్న. కొంగు తియ్యి, వడ్డించేటప్పుడు అడ్డం వస్తది అన్నడు. పిల్లల నడుమ పంక్తిల కూసున్నడు. నా చేతితోటి పెట్టిచ్చుకొని, మారు పెట్టిచ్చుకొని తిన్నడు. నా చెయ్యి పట్టుకొని పిల్లలకు సూపెట్టిండు. ఇది అంటుకోదురా, దోమ కుట్టినట్టు లేస్తది, పోతది, అంతే అన్నడు. పిల్లలందరు వచ్చి ముట్టుకొని సూసిండ్రు సారు."

"మేడం?"

"రేపటి నుంచి పొద్దున్నే రా అన్నది సారు."

నేను బాగుందన్నాను. తలుపు వేసుకుని నా కుర్చీలో కూర్చున్నాను. అంటురోగం కాదని నేను కాగితం మీద ముద్ర కొట్టి రాశాను. ఆయన ఆ మాటనే అన్నంలో కలుపుకుని తిన్నాడు. ఆ బడికి నేను కూడా ఎన్నోసార్లు వెళ్లాను, ప్రతిసారీ ఇంటి నుంచి క్యారియర్ తీసుకెళ్లేవాణ్ణి. ఆయన సంపాదన మీద నాకు ఎప్పుడూ కన్ను లేదు, పేరు మీద ఉండేది. ఆ రోజు నుంచి ఆ పంక్తి భోజనం మీద కూడా పడింది.

ఆఖరి పథ్యం

వెంకటరత్నం నాకంటే ముందు పోయాడు. గుండె. అడవి ఊళ్ల నుంచి జనం ట్రాక్టర్లలో వచ్చారు. పాడె వెనక నడుస్తూ కూడా, నా వెనక ఇందులో సగం మందైనా వస్తారా అనుకున్నాను. ఇంత రాశాక అది దాచడం ఎందుకు.

నేను రిటైరైన నెలలో లచ్చక్క కబురు పంపింది, బడికి భోజనానికి రమ్మని. పిల్లల పంక్తిలో చివర కూర్చున్నాను. గుత్తి వంకాయ వడ్డించింది. నా పక్కన కూర్చుని తను పప్పుతో కలుపుకుంది. దద్దుర్లు పోయి ఏళ్లు గడిచాయి, దురద గోలి కూడా ఎప్పుడో మాన్పించాను.

"నువ్వు వేసుకోలే?"

"నేను తిన సారు. ఆ సారు వద్దన్నడు గద."

"ఇప్పుడు తినొచ్చు. నేను చెప్తున్న గదా."

"మీకు దెల్వదు సారు," అంది, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు.

నా చదువు, నా పత్రికలు, నా ముద్ర అన్నీ ఆ పళ్లెం ముందు నోరు మూసుకున్నాయి. ఆయన పెట్టిన పథ్యం తీసేయగలిగినవాడు ఆయన ఒక్కడే, ఆయనేమో లేడు. కాసేపు అన్నం కెలికాను.

"పోయే ముందు వెంకటరత్నం నాతోటి ఒక మాట అన్నడు లచ్చక్కా. ఇంక చాలు, లచ్చక్కను వంకాయ తినమని చెప్పండి గురువుగారూ అన్నడు."

రోగికి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"నిజంగనే అన్నడా సారు? నా పేరు పెట్టి అన్నడా?"

"అవ్. నీ పేరు పెట్టే."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. గిన్నెలోంచి ఒక్క కాయ తీసుకుని, తుంచి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"ఉప్పు తక్కువైంది గద సారు. ఇన్నేండ్లు పిల్లలకు గిట్లనే పెట్టిన్నా? ఒక్కరన్న చెప్పకపాయె."

ఇంకో కాయ వేసుకుంది. తినమని నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆయన పేరు చెబితే ఒక్కసారికే తిన్నది. చచ్చి కూడా ఆ మనిషి చెయ్యి మంచిదే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అది ఆయన కోసమో నా కోసమో తేల్చుకోలేక, మారు వడ్డించమని పళ్లెం ముందుకు జరిపాను.